జాతి అనే గడి

గుణుపురం నుంచి వంశధార గట్టెంట
బండి మీద వచ్చాను.
సంచిలో ఒడియాలో అచ్చేసిన కాగితాలు.
నాలుగో గడి: జాతి.

తవుడమ్మ పెరట్లో పదకొండు కోళ్లు.
"దేశవాళీయేనా?" అన్నాను.
తవుడు పిసికే చెయ్యి ఆగలేదు.
"దేశమేటి బావూ,
అది కాకి పెట్ట. తల్లి మైల.
తండ్రి డేగ, సీతంపేటలో మూడు పందేలు గెలిసి
నాలుగోదాన్లో కూరైపోనాడు."

పట్టుకుని తిరగేసి చూపించింది:
పసుప్పచ్చ కాళ్లు, చెవి కింద తెల్ల మచ్చ,
నెత్తిన బఠాణీ గింజలంటించినట్టు జుట్టు.
ఇవన్నీ సరే, రంగు ఎవడికైనా తెలుస్తుందట.
గద్ద నీడ పడ్డప్పుడు
పిల్లల మీదికొస్తుందా, పిల్లల్నొగ్గీసి పోతుందా,
అది చూడాలట.
కాగితంలో దానికి గడి లేదు.

చూరు కింద గంప. ఊక, బూడిద,
ఉరుముకి విరుగుడుగా ఓ ఇనప మేకు.
పదమూడు గుడ్ల మీద బొగ్గు గీతలు,
సొంతానికొకటి, పొరుగింటివాటికి రెండు.
నా ఫోను దీపం మీద ఒకటి ఆనించింది.
ఎర్రటి నరాల మధ్య
చీకటి చుక్క ఉలిక్కిపడింది.
ఇంకోటి ఊరికే వెలిగింది.
"ఇది మురిగిపోద్ది" అని పక్కన పెట్టేసింది.

పోయినేడు సర్కారోళ్లిచ్చిన వనరాజా పిల్లలు
బాగా పెరిగాయి, బాగా పెట్టాయి,
ఒక్కటీ పొదగలేదు.
"గుడ్డెట్టి మర్సిపోతాయి,
బస్సులో గొడుగు మర్సినట్టు."

అంతకుముందేడు కొక్కెర.
మెడలు మెలితిరిగి మూడు రోజుల్లో
వీధంతా గోతిలోకెళ్లింది.
ఊళ్లో మైల రంగన్నదే లేదు.

"మరి దీని తల్లి?"

కొండ మీద సవర సోంబారికి
ఎప్పుడో ఓ పెట్టని పాలుకిచ్చిందట,
పిల్లల్లో సగం వాటాకి.
తను మరిచిపోయింది.
సోంబారి మరవలేదు.
వానల్లో గంప నెత్తినెట్టుకుని దిగింది:
నాలుగు పెట్టలు, ఓ పుంజు.
వేళ్ల మీద ఎనిమిదేళ్ల లెక్క అప్పజెప్పి
టీ తాగి కొండెక్కిపోయింది.

కలం తీశాను.
మా నోట కోడి, కాగితంలో కుకుడా,
సోంబారి నోట కన్సిం.
గడి బొటనవేలంత లేదు.
"పాలు కోడి" అని ఇరికించాను.
పై ఆఫీసులో ఎవరో కొట్టేస్తారు.

బండి తీస్తుంటే తవుడమ్మ కేకేసింది:
"మీ యింటికి పెరడుందా బావూ?"

అద్దె గది. రెండో అంతస్తు.
ఉందన్నాను.