నంబరు పలక

కిటికీ వెనక గొంతుకి జలుబు చేసింది.
"చెయ్యి లేనివాళ్ళకి బండి పన్ను మాఫీ ఉంది,
కాలు లేనివాళ్ళకీ ఉంది.
మీకు... కళ్ళు కదా," అంది.
ఆ 'కదా'లో పన్నెండేళ్ళు ఇరుక్కుపోయాను.

ఫారంలో ఒక గడి:
వాహనానికి చేయించిన మార్పులేమిటి?
నెవియో చదివి ఆగాడు.
రాయమన్నాను: మార్పు ఒక్కటే,
డ్రైవరు సీట్లో మా మరిది.
రాతి క్వారీలో లారీలు తోలి తోలి
ఎడమ చెవి పోగొట్టుకున్నవాడు,
కుడి చెవీ రెండు కళ్ళూ నాకోసం మిగుల్చుకున్నవాడు.
గడి దాటి రాశారని ఫారం తిరిగొచ్చింది.

మా లోయ పేరు కార్నియా.
కంటి మీది పొర పేరూ అదేనని నవ్వకండి,
ఆ నవ్వు నేనెప్పుడో నవ్వేశాను.
ఇక్కడ బస్సు పొద్దున ఒకసారి,
మళ్ళీ రాళ్ళు చల్లబడ్డాక ఒకసారి.
తొల్మెజ్జో ఆసుపత్రి టెలిఫోను గదిలో
ముప్ఫై ఏళ్ళు ఊరి గొంతులన్నీ కలిపాను.
ఏ ఊపిరి ఏ వార్డుకి వెళ్ళాలో
'హలో'కి ముందే తెలిసేది.
నన్ను ఇంటికి కలిపే తీగ మాత్రం
ఈ పాత పాండా కారే.
వంతెన దాటాక మూడో గేరులో దాని మూలుగు తెలుసు,
వాన పడితే ఎడమ వైపరు
ప్రతి మూడో ఊపుకీ ఒక మాట మింగడమూ తెలుసు.

"చూపులేని మనిషికి కారెందుకమ్మా?"
బేకరీ వరసలో నా వెనకావిడ.
రొట్టె ఎందుకని మాత్రం అడగలేదు.

ఈ ఫిబ్రవరిలో, రేడియో వార్తల చిట్టచివర,
మంచు ఎక్కడ కురుస్తుందో చెప్పే ముందు
ఒక్క వాక్యం:
అంధులకు కూడా.
చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది.

షరతు: బండి నా పేర ఉండాలి.
నెవియో రెండు రోజులు మాట్లాడలేదు.
బండి కూడా పోతే మనిషికి ఇంకేం మిగులుతుంది.
మూడో రోజు తాళంచెవి నా పళ్ళెం పక్కన పెట్టి
"గుడ్డిలో మెల్ల" అన్నాడు.
అని, నాలిక కరుచుకున్నాడు.
నాకు పొలమారింది, నవ్వుతో.

ఉత్తరం వచ్చింది.
నున్నటి కాయితం, వేలికి అంతా ఒకటే తెలుపు.
అతనే చదివాడు, ప్రభుత్వపు గొంతు పెట్టుకుని.
మిగిలే డబ్బు ఏడాదికి రెండు టైర్లు.
సరే, రెండు టైర్లు.

కిందికి దిగి నా కారు చుట్టూ నడిచాను,
చెయ్యి తియ్యకుండా.
తలుపు, పెట్రోలు మూత, పెంకు విరిగిన దీపం.
వెనక్కి వెళ్ళి వంగి, బురద తుడిచాను.
రేకు మీద ఉబ్బెత్తుగా అక్షరాలు, అంకెలు,
ఒక్కొక్కటీ లేచి వేలికి పేరు చెప్పింది.
సర్కారు రాసినవాటిలో
ఎవరూ చదివిపెట్టకుండా
నేను చదువుకున్న మొదటి వరస.

నాలుగంకె దగ్గర పెద్ద సొట్ట.
"నెవియో, ఇదెప్పుడు గుద్దావు?"

కుడి చెవి కూడా
ఆ పూట వినిపించుకోలేదు.