సున్నం గీతలు

టెక్కలి నుంచి రాయి లారీ బయల్దేరితే
నా కొట్లో నీళ్ల తొట్టికి ముందే తెలుస్తుంది.
ట్యూబు ముంచకుండానే నీళ్లు వణుకుతాయి.

ఇరవై ఏళ్లుగా ఈ మలుపులో పంచర్లు వేస్తున్నాను.
సైకిలు చూసి మనిషిని చెప్పగలను.
ఎడమ పెడలు అరిగితే పాల కూర్మయ్య,
చైనులో చున్నీ దారం చిక్కితే
తొమ్మిదో తరగతి నీలవేణి.
మొన్న ఒక చక్రం తెచ్చారు.
సున్నాలా ఉండాల్సింది ఎనిమిదిలా ఉంది.
ఎవరిదని నేను అడగలేదు,
బాగవుతుందా అని వాళ్లూ అడగలేదు.

ఆ సాయంత్రం తాడు పట్టి రోడ్డు కొలిచాను.
ఇరవై నాలుగు అడుగుల వెడల్పు.
నాకు పది అంగలు.
మూడో తరగతి గుంట చాందినికి పద్దెనిమిది,
చెప్పు తెగిన రోజు ఇంకా ఎక్కువ.
అడుగుకో అంకె చొప్పున లెక్కపెట్టాను.
కల్వర్టు దగ్గర కనబడిన లారీ
పదకొండుకల్లా ఇక్కడుంటోంది.
మిగిలిన ఏడు అడుగులూ
దేవుడి మీద భారం వేసి నడుస్తున్నారు పిల్లలు.

అర్జీ పెట్టాం.
అది ఆఫీసులో హాయిగా పడుకుంది,
దానికి రోడ్డు దాటే పని లేదు కదా.

ఆఖరి బస్సు పోయాక
టైలరు సన్యాసిరావు సుద్దముక్క తెచ్చాడు,
లాల్చీకి గీసినంత శ్రద్ధగా తారు మీద గీశాడు.
టీకొట్టు దాలమ్మ
ఇంటికి వేయగా మిగిలిన సున్నం డబ్బా తెచ్చింది.
కొబ్బరి పీచుతో తొమ్మిది పట్టీలు.
బడి వైపుది కాస్త వంకర పోయింది,
చీకటి తప్పు.
వంగిన చక్రాన్ని మాత్రం నేనొక్కణ్ణే తీసుకెళ్లి
కల్వర్టు దగ్గర కర్రకి కట్టి వచ్చాను.

తెల్లారి మొదటి లారీ నెమ్మదించింది.
డ్రైవరు తల బయటపెట్టి చూశాడు.
ముగ్గు తొక్కకూడదని
చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పిందేమో.
రెండోది ఆగలేదు.
మూడోది ఆగింది.

పిల్లలకి నల్లది వంశధార, తెల్లది గట్టు.
చాందిని తొమ్మిది గెంతుల్లో బడిలో పడుతోంది.
నా లెక్క తప్పినందుకు
ఆ రోజు ఎవరికో ఊరికే గాలి కొట్టాను.

జీపులో ఇంజినీరు వచ్చాడు.
"ఎవరు గీశారివి? పర్మిషనుందా?"
"పుట్టగొడుగుల్లాగ వానకి లేస్తాయి బాబూ,
ఎవరు నాటుతారేటి!" అంది దాలమ్మ.
జీపు అవతల ఆపి
టీకి ఇవతలకి వచ్చాడాయన,
గీతల మీదుగానే.

నిన్న రాత్రి పెద్ద వాన.
సున్నమంతా పొలం కాలవలోకి పోయింది.
పొద్దున్న చాందిని
లేని గీతల మీద
సరిగ్గా వెనకటి చోట్లలోనే గెంతుతోంది.
దానికి కనబడుతున్నాయి.
లారీకి కనబడవు.

తొట్టిలో నీళ్లు వణుకుతున్నాయి.
చేతిలో ట్యూబు వదిలేసి రోడ్డు మధ్యకి పరిగెత్తాను,
చేతులు రెండూ చాపి,
అక్కణ్ణించే అరుస్తూ:
దాలమ్మా, డబ్బాలో ఏమైనా మిగిలిందా?