ఆటుపోట్ల పట్టిక వెనక

పాత పోస్టాఫీసు ఎదురుగా
బంగారమ్మ టీ బడ్డీలో
ఈ సాయంత్రం పంచాయితీ అమెరికాది.
అధ్యక్షులందరిలోనూ పరమ చెత్తవాడెవడు?
పోర్టు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్ఫయ్యేళ్లు
ఎవరి మాటా మధ్యలో తెంచనిదాన్ని,
అందుకని మార్కులు వెయ్యడం నా పని.
నిరుటి ఆటుపోట్ల పట్టిక తిరగేసి
గళ్లు గీశాను.

బెహరా మాస్టారిది బుకానన్.
బళ్లో చరిత్ర చెప్పి చెప్పి అరిగిన గొంతు,
గ్లాసులో టీ చల్లారినా చల్లారదు:
"ఇల్లు అంటుకుంటోందని తెలుసు.
తప్పు తప్పంటూనే
నీళ్లు పొయ్యడం నా అధికారంలో లేదన్నాడు.
నిప్పెట్టినవాడి కంటే వాడు నయమా?"

సత్తిబాబు హూవర్ అంటాడు.
బ్యాంకులు మూతపడి
జనం రొట్టె కోసం వరస కట్టారట.
చిట్టీ డబ్బు మింగి పారిపోయిన
అల్లిపురం ఆసామి మీది కోపం
పాపం, హూవర్ మీద పడిందని నాకు తెలుసు.
అర మార్కు తగ్గించాను.

తాతారావుకి పేర్లన్నీ నోరు తిరగవు.
ఒక్కటి తిరుగుతుంది. నిక్సన్.
"డెబ్బయ్యొకటి డిసెంబరు. నాకు తొమ్మిదేళ్లు.
ఊరంతా దీపాలార్పేసి, కిటికీలకి నల్లకాయితం.
ఓ రాత్రి సముద్రంలో ధడేల్‌మంది.
గూట్లో సత్తు గిన్నెలు ఆటంతటవే మోగాయి.
తెల్లారి మా అయ్య వల నిండా
చమురు వాసనే తెచ్చాడు.
తరవాత ఈడి ఓడలు
మన సముద్రంలోకి వస్తన్నాయని రేడియో సెప్పింది.
అయ్య వల మడతెట్టి గుమ్మంలో కూకున్నాడు.
అప్పిచ్చినోడు మాత్రం రాడం మాన్లేదు."

పదికి పది వేశాను.
మాస్టారు ఒప్పుకోలేదు.
"సొంత ఒడ్డు మీంచి చూసి మార్కులెయ్యకూడదమ్మా."
"మరే ఒడ్డు మీద కూకోమంటారు?"
అన్నాడు తాతారావు.

ఎర్రప్పడు అంతసేపూ
పకోడీ నూనె పీల్చిన కాగితాన్ని
మడత మీద మడత పెడుతున్నాడు.
"ఆల్లలో, మాస్టారూ,
జనాన్ని ఊల్లు కాళీ సేయించినోడు ఉన్నాడా?"

ఉన్నాడు. జాక్సన్.
పుట్టిన నేల మీంచి చెరోకీలని
పడమటికి పొమ్మన్న చట్టం మీద సంతకం అతనిది.
తుపాకుల మధ్య నడిపించింది మాత్రం
తర్వాతవాడి హయాంలో.
చలికాలం. వేలమంది దారిలోనే.

"అయితే మార్కులెవరికి?" అడిగాను.
"సంతకానికా, నడకకా?"
మాస్టారు మొదటిసారి
గ్లాసులోకి చూసుకున్నారు.

ఎర్రప్పడు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు.
ఆర్ కార్డు. ఉక్కు ఫేక్టరీకి
ఊరిచ్చినందుకు ఇచ్చిన అట్టముక్క.
"మా అయ్య పేరున ఉంది.
దీని మీద నాకు ఉద్యోగమన్నారు.
నా గుంటడికి పెళ్లయి పిల్లలు.
ఈ సంతకం ఎవుడిదో నాకు తెలీదు,
కోడి గీరినట్టుంది. మీరు సదువుకున్నోల్లు,
సదివి సెప్పండి."

చేతులు మారింది కార్డు.
సత్తిబాబు కళ్లజోడు పైకి తోశాడు.
మాస్టారు ట్యూబులైటుకి ఎత్తిపట్టారు.
ఏ వానకో సిరా కారిపోయింది.
గీతకి ముందు ఒక్క ముక్క మిగిలింది:
తరఫున.

ఎవరి తరఫునో అక్కడ లేదు.

పట్టికలో ఇంకో గడి గీసి
ఆ మాటే రాశాను.
మార్కులు పెట్టబోతే పెన్ను ఆగింది,
పదిలో పట్టేలా లేదు.

"తేలిందా?" అంది బంగారమ్మ, గ్లాసులు కడుగుతూ.
తేల్లేదన్నాం.
"అయితే రేపు రండి. పాత బాకీ ముప్పయ్యారు.
అమెరికా ఓడు కట్టడు,
మీరే కట్టాల."