ఎడమచెయ్యి మీద తాళం

పక్షవాతమొచ్చినంక
సైదమ్మ నోట్లె ఒక్కటే మాట మిగిలింది:
"అదే."
నీళ్లకు అదే. నొప్పికి అదే.
బిడ్డ పేరడిగితే అదే, అదే అని
మంచం పట్టె మీద గుద్దుకునేది.

మిర్యాలగూడ మిల్లులల్ల ముప్పై ఏండ్లు
బస్తాలు మోసిన ఈపు నాది.
మాట బరువెంతుంటదో ఎన్నడు తూచలే.
నాట్లకు పోయొచ్చి, బియ్యం చెరుగుకుంట
ఆమె కూనిరాగం తీస్తుంటె
"నిద్ర పట్టనియ్యవా" అని
చెంబు ఇసిరికొట్టినోణ్ని.
ఆ సొట్ట ఇంకా ఉన్నది.

నల్లగొండ పెద్దాస్పత్రిల తస్లీమ్ మేడం
సూది తియ్యలే, గోలీ రాయలే.
ఆమె ఎడమచెయ్యి తన చేతిలకు తీసుకొని
మెల్లగ తట్టుకుంట అడిగింది:
"అమ్మా, నాటేసేటప్పుడు ఏం పాడేటోళ్లు?"
నాకు నవ్వొచ్చింది. మాటే రానిదానికి పాటనా.

తట్టు. ఆగు. తట్టు.
ముందుగాల పెదవి వణికింది.
వంకరవోయిన మూతికెల్లి
సాగర్ కాలువల మొదటి తడి లెక్క
సన్నగ రాగమొచ్చింది.
రాగం ఎనకాల, కొంగు పట్టుకున్న పోరని లెక్క
ఒక మాట: "బురద."
ఇంకొకటి: "వంగు."

లోపల మాట నడిచే తొవ్వ కూలిందట,
పాట తొవ్వ వేరేనట.
మేడం చెప్పింది, నాకు సగమే సమజయింది.
"ఇంట్ల నువ్వే పాడాలె పెద్దయ్యా,
ఏదడిగినా రాగంల అడుగు."

నేనా?
బస్తా లేపంగ ఊపిరి బిగవట్టుడు తప్ప
గొంతుకు ఇంకో పని చెప్పనోణ్ని.
తలుపు దగ్గరకేసి, పక్కింటోళ్లు ఇనకుంట,
ఆమె చేతి మీద తాళమేసుకుంట
"నీఈళ్లు... తాగు... తవా..." అన్న.

కండ్లల్ల మొదలైంది ఆమె నవ్వు.
తర్వాత ముక్కముక్క సాగదీసి,
నాటు పాట మీదనే:
"గొడ్డు... లెక్క... ఒర్రకు... య్యా."

ఏడాదైంది. ఇప్పటికి ఉప్పు అనరాదు,
ఉప్పును పాడుతది.
తొందరపెడితే మళ్ల "అదే".
కుడిచెయ్యి ఇంకా ఒళ్లెనే పడుంటది.
కొన్ని రాత్రులు ఊరికెనే ఏడుస్తది,
అప్పుడు ఏ రాగం పనిచెయ్యదు,
ఊకె తట్టుకుంట కూసుంట.

నిన్న ఆ చెంబు చూపెట్టి పాడింది,
ఒక్కొక్క అక్షరం తాళం తప్పకుంట:
ఏ నెలల ఇసిరిన్నో,
ఆ రాత్రి తానెంతసేపు మేల్కొని ఉన్నదో.
నేను తాళమేసిన.
చెయ్యి ఆపలే.