నాలుగు పేర్ల పిల్ల

అంగన్‌వాడి రిజిస్టర్ల శిరీష,
బడి హాజరుల శ్రీష,
దవాఖాన చీటీ మీద ఇంకా ‘ఊశమ్మ బేబీ’నే.
రేషన్ కార్డుల
అసలుకే లేదు.

మద్దూరు మండలాఫీసు వరండల కూసొని
కాయితాలన్నీ పక్కపక్కన పరిచిన.
గాలికి లేస్తుంటే
ఒకదాని మీద టిఫిన్ డబ్బ,
ఒకదాని మీద నా చెప్పు.

బరువు తక్కువున్నదని సుగుణ సిస్టర్‌కు తెలుసు.
బడికొస్తలేదని సారుకు తెలుసు.
తల్లి పుణెల సెంట్రింగు పనికి పోయిందని
కిరాణం ఖాజమియాకు తెలుసు,
ఆమె పంపే పైసలు ఆయన ఫోన్లకే వస్తయి.
తలా ఒక పిడికెడు జొన్నపిండి,
ఏ పొయ్యి మీదా రొట్టె లేదు.

సారును బతిమాలిన. ఖాజమియాతోని దుకాణం మూపిచ్చిన.
సిస్టర్ బండి మీద నేను, వెనక ఆటోల వాళ్లు.
నాయినమ్మ వాకిట్ల కుర్చీల్లేవు,
నిలబడే కొట్లాడుకున్నం:
హాస్టల్ల ఏద్దామా, ఇక్కడ్నే ఉంచుదామా,
గుడ్లు ఎవరు తెచ్చియ్యాలె,
తల్లికి ఫోన్ ఎవరు చెయ్యాలె.

అప్పటిదాంక తలుపెనక ఉన్న పిల్ల
మెల్లగ అడిగింది:
“ఐతారం నాయినమ్మను లోపటికి రానిస్తరా?”

ఏ ఫారంల చూసినా
దానికి గడి లేదు.
అంచుకు రాసుకున్న, వంకరగ.

పేరు కాడ పెన్ను ఆగితే
ముసలామె నవ్వింది:
“మేమైతే బుడ్డి అంటం.”

బుడ్డీ, అంటే
ఊఁ అన్నది.

ఆధార్ సెంటరు సోమారం తెరుస్తరంట.
పొద్దుగాలనే పోవాలె, లైనుంటది.