కంచరగాడిద తిన్న నంబరు

త్సియాలా గుజెజియాని చేతిరాత నాకు
మా అమ్మ చేతిరాత కంటే బాగా తెలుసు.
ఇరవై ఆరేళ్లు ఆమె తెచ్చిన మొక్కల్ని
అట్టల మీద కుట్టాను.
వేరుకి రెండు కుట్లు, కాడకి మూడు,
రేకుకి జిగురు తగలకూడదు.
కుడివైపు కింది మూలన చీటీ.

ఒకటో నంబరు కుట్టింది నేను కాదు,
నాకు ముందున్న ముసలాయన.
ఎత్తు లేదు, ఊరు లేదు.
"చాలా నీలం" అని మాత్రం ఉంది,
పద్దెనిమిదేళ్ల పిల్ల రాత.
ఆ నీలం ఇప్పుడు టీ మరక.
చీటీని నమ్ము, పువ్వుని కాదు:
త్బిలిసిలో మా గది నేర్పే మొదటి పాఠం.

మూడొందలు దాటాక ఆమె మాటలు తగ్గాయి.
"ఉష్గులి పైన. రాతి చరియ. ఉత్తరపు వాలు.
రెండువేల ఎనిమిదొందల మీటర్లు. అరుదు."
అరుదు అన్న మాట పిసినారిలా వాడేది.
పదకొండు వేల చీటీల్లో నలభై సార్లు.
లెక్కపెట్టాను.

మొక్కలు పాత పేపర్ల మధ్య నలిగి వచ్చేవి.
గోధుమ దిగుబడి అంకెల మీద ఒక గంటపువ్వు,
మంత్రిగారి ఉపన్యాసం నిండా నాచు పొడి.
నేను చదువుతూ కూర్చుంటే
"వార్త ఎండిపోయింది, మొక్కని చూడు" అనేది.

రాతి సందులో ఆమె కనిపెట్టిన తెల్లపువ్వుకి
డైరెక్టరుగారి పేరు పెట్టారు.
ఆయన ఆ కొండ కింద కారు కూడా ఆపలేదు.
"పోనీలే, దానికి తెలియదుగా" అంది,
అని, రొట్టె విరిచి సగం నాకిచ్చింది.

కరెంటు లేని ఆ చలికాలాల్లో
మొదట కుర్చీలు కాల్చాం, తర్వాత నేల చెక్కలు.
బీరువాల్లో లక్ష ఎండుమొక్కలు,
ఊళ్లో అంతకంటే బాగా మండేది లేదు.
ఎవరం వాటివైపు చూడలేదని చెప్పుకుంటాం.
చూశాం. చెయ్యి వెయ్యలేదు.
దారులు మూసుకుపోయి ఆమె కొండలకి వెళ్లలేదు,
నంబర్లు మాత్రం ఆగలేదు.
ట్రాం పట్టాల మధ్య గడ్డి.
బేకరీ క్యూలో నిలబడి పీకిన ముళ్ల మొక్క:
"నాలుగొందల అరవై మీటర్లు. జనం తొక్కిన నేల."

నాలుగువేల నూట పదిహేడు మాత్రం లేదు.
నోటుపుస్తకంలో ఉంది, అట్ట లేదు.
"పసుపు. ఐదు రేకులు? ఆరు?"
ఆమె రాతలో ప్రశ్నగుర్తులు మరెక్కడా చూడలేదు.
వారం రోజులు బీరువాలన్నీ వెతికి
చివరికి అడిగేశాను.

నవ్వలేదు.
"బిముర్జా కంచరగాడిద తినేసింది.
అక్కడ ఉన్నది ఒక్కటే మొక్క.
నేను నంబరు రాస్తున్నాను, అది నములుతోంది."
గింజ ఏమైనా పేడలో పడిందేమో అన్నాను.
"రెండేళ్లు తవ్వాను" అంది.

ఆ రాత్రి చీటీలన్నీ మళ్లీ తిరగేశాను.
ముప్పై ఒక్క వేసవులు, జూలై ఆఖరి వారం,
అదే చరియ, అదే ఎత్తు.
తెచ్చినవన్నీ దారి పక్క పిచ్చిమొక్కలు,
మేకలు కూడా వదిలేసేవి.
వట్టి చేతులతో దిగడం ఇష్టం లేక కోసుకొచ్చినవి.
వాటికీ నేను శ్రద్ధగా
వేరుకి రెండు, కాడకి మూడు కుట్లు వేశాను.

ఇప్పుడామె మోకాళ్లు మెట్లకే ఒప్పుకోవు.
గురువారాలు వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటుంది.
మొన్న జాబా అనే కుర్రాడు
ఆ చరియ మీంచే దిగి వచ్చాడు.
ఫోనులో పసుపుపువ్వు చూపించాడు.

కళ్లద్దాలు తుడుచుకుంది. పెట్టుకుంది.
తెరని వేలితో పెద్దది చేసి
ఒక్కో రేకూ లెక్కపెట్టింది, పెదాలు కదుపుతూ.
ఎన్నో మాకు చెప్పలేదు.
"ఇది కాదు" అంది.

ఎలా తెలిసిందో అడగబోయాను.
ఫోను తిరిగి ఇచ్చేస్తూ
కుర్రాణ్ణి అడిగింది:
"అక్కడ ఇంకా గాడిదలున్నాయా?"