యార్డు గేటు

గుంటూరు, మే నెల. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.
ఫార్మలిన్‌కి మండే కళ్ళకి
మిర్చి యార్డు ఘాటు కూడా తోడైంది.
నాలుగో బల్ల. పేరు లేదు, నంబరుంది.
బస్తాల ఒరిపిడికి కాయలు కాసిన భుజం.

పేగుల మడతను విసనకర్రలా పరిచాను.
పుస్తకంలో నీలం గీతలు;
ఇక్కడ పాత చింతపండు రంగు దారాలు,
ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పోయి
క్లోమం మెడ వెనక
ప్లీహం దారిలో కలుస్తున్నాయి.

"తిన్నగా గుండెకి పోదు డాక్టరమ్మా,"
ముప్పై ఏళ్ళుగా బల్లలు కడిగే ఏసోబు అన్నాడు.
"పేగు తెచ్చిన సరుకంతా
ముందు కార్జం గేటు కాడ దించాల.
తూకమేస్తారు, తాలు ఏరతారు,
ఆనక లోపలికి."

ఇతని గేటు ఎప్పుడో మూతపడింది.
కార్జం గులకరాళ్ళ మూట.
ఈ సిరలకి కవాటాలుండవు.
ముందుకి పోలేని నెత్తురు
సెలవని తెలియక వచ్చిన లారీల్లా
వెనక్కి బారులు తీరి
బొడ్డు చుట్టూ, గొంతు దిగువా
దొరికిన సందులో ఉబ్బింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
ఇతని కడుపు మేం చించాం.
అది నా నోటుబుక్కులో పడింది,
పెన్సిల్‌తో, బాణం గుర్తులతో.
రేపు వైవా.

ఏసోబు పేగులు సర్ది
తడిగుడ్డ కప్పాడు, మెడదాకా.

మెస్‌లో పండుమిర్చి పచ్చడి.
మొదటి ముద్ద మింగి
కాసేపు ఆగాను,
లోపలెక్కడో
కాటా ముల్లు నిలబడేదాకా.